వేగమే సంగీతమా?

రాక్ సంగీతమన్న మాట వినగానే మన విద్యార్థి మిత్రుల మనస్సులో మెదిలే చిత్రం ఒక్కటే: చెవులు చిల్లులుపడే ధ్వని, ఊగిపోయే వేదిక, ఎవరి మాట ఎవరికీ వినిపించని కోలాహలం. ఆ చిత్రం పూర్తిగా అసత్యమని మేము అనము. అయితే అదే సర్వస్వం కాదని నిరూపించిన ఒక ఆల్బమును గూర్చి ఇక్కడ నాలుగు మాటలు మనవి చేయదలచినాము. తెలుగు అధ్యాపకులకు అమెరికా రాక్‌తో ఏమి పని అని అడిగేవారు కొంచెం ఓపిక పట్టవలెను. ఈ వ్యాసానికి కావలసినది కూడా ఆ ఓపికయే.

మిన్నెసోటా రాష్ట్రంలో, సుపీరియర్ సరస్సు ఒడ్డున డులూత్ అనే ఊరున్నది. 1993లో అక్కడ అలన్ స్పార్‌హాక్, ఆయన సతీమణి మిమీ పార్కర్, మిత్రుడు జాన్ నికోల్స్ కలిసి ‘లో’ అనే బృందాన్ని స్థాపించారు. అప్పటికి ఆ దేశంలో గ్రంజ్ సంగీతం ఉచ్చస్థితిలో ఉన్నది. 1991లో నిర్వాణా బృందపు ‘నెవర్‌మైండ్’ వెలువడిన తరువాత గొంతు చించుకొని అరవడమే నిజాయితీకి గుర్తుగా చెల్లుబాటయ్యే రోజులవి. వీరు దానికి ఎదురు దారి పట్టారు. గిటారు, బేస్ గిటారు తప్ప వేరే హంగు లేదు. మిమీ పార్కర్ నిలబడియే, ఒకటి రెండు డ్రమ్ములను, ఒక్క సింబల్‌ను, ఎక్కువగా బ్రష్షులతోనే మెల్లగా తాకేవారు. భార్యాభర్తల గొంతులు ఒకదానిపై మరొకటి పైచేయి కోరక జంటగా సాగేవి.

వారి మొదటి ఆల్బము ‘ఐ కుడ్ లివ్ ఇన్ హోప్’ 1994లో, వర్జిన్ సంస్థకు అనుబంధమైన వెర్నన్ యార్డ్ ద్వారా విడుదలైనది. ధ్వనిముద్రణ బాధ్యత క్రేమర్‌ది. గెలాక్సీ 500 బృందపు మందగతి పాటలను అంతకు ముందే ముద్రించిన అనుభవం ఆయనకున్నది. మొత్తం పదకొండు పాటలు. ప్రతి పాట పేరూ ఒకే మాట. ఒక స్వరం మ్రోగి, సన్నగిల్లి, పూర్తిగా అణగిపోయే దాకా రెండవ స్వరం తొందరపడదు. ‘లలబై’ అనే పాట సుమారు పది నిమిషాలు సాగుతుంది.

చివరి పాటను గూర్చి ప్రత్యేకంగా చెప్పవలెను. జిమ్మీ డేవిస్ 1940లో రికార్డు చేసిన ‘యూ ఆర్ మై సన్‌షైన్’ అమెరికాలో పసిపిల్లలకు సైతం కంఠస్థమైన పాట. చప్పట్లు చరుస్తూ ఉల్లాసంగా పాడుకోవడం వాడుక. కాని అందులోని చరణం చెప్పేదేమి? ప్రియురాలు చెంతనున్నట్లు కలగన్నవాడు మేల్కొని, అది కల అని తెలిసి ఏడ్చిన వైనం! పల్లవి వేగంలో ఆ ఏడుపు ఎవరికీ వినబడలేదు. ‘లో’ బృందం ఆ పాటను నెమ్మదింపజేసినది, అంతే. పాటలో ఎప్పటినుండో ఉన్న దుఃఖం పైకి తేలినది. మందగతి పాటకు విషాదాన్ని పులుముతుందన్న విమర్శకు ఇంతకు మించిన జవాబు మాకు తోచదు.

ఇక ఆదరణ మాట. మొదటి రోజులలో శ్రోతలు కబుర్లలో పడితే, ఏ బృందమైనా ధ్వని పెంచుతుంది, వీరు తగ్గించేవారు! కాలక్రమాన అభిమానులు నేలమీద కూర్చుండి వినడం ఆనవాయితీ అయినది. పత్రికలవారు ఈ తరహా సంగీతానికి ‘స్లోకోర్’ అని పేరు తగిలించారు. బృందానికి ఆ పేరు రుచించలేదు; మాకూ రుచించదు. పాట ఏమి చెప్పుచున్నదో అడుగక, ఎంత నిదానంగా నడచుచున్నదో మాత్రమే చెప్పే పేరది. 2010లో లెడ్ జెపెలిన్ గాయకుడు రాబర్ట్ ప్లాంట్ వంటివాడే వీరి పాటలు రెండింటిని తన ఆల్బములో పాడుకొన్నాడు. 2022 నవంబరులో మిమీ పార్కర్ మరణించారు.

మన ఉర్దూ శాఖ మిత్రులకు ఇది వింత కానేరదు. ముషాయిరాలో మొదటి మిస్రాను కవి రెండు మూడు మార్లు చదివి, రెండవదానికై సభను ఎదురుచూడనిస్తాడు. ఉస్తాద్ అమీర్ ఖాన్ అతి విలంబిత ఖయాల్ విన్నవారికి స్వరానికీ స్వరానికీ నడుమ చోటెంత అవసరమో తెలియును. రెండూ ఒకటేనని మా వాదం కాదు. ఖయాల్‌లో విలంబం వెనుక ద్రుతం వచ్చి తీరుతుంది. ఈ ఆల్బములో అది రాదు. నిజం చెప్పవలెనంటే, నడుమ ఒకటి రెండు పాటల వద్ద మాకూ విసుగు కలిగినది.

ఆ విసుగే మమ్ము ఆలోచింపజేసినది. తరగతిలో పద్యం ఎత్తుకోగానే, “భావం చెప్పండి సార్, చాలు” అను గొంతు వెనుక బెంచీనుండి వినవచ్చును. పాఠ్యప్రణాళిక పూర్తికావలెనను తొందరలో మేమూ ఎన్నోసార్లు లొంగిపోయినాము. యతి వద్ద ఆగలేదు, పాదాంతాన ఊపిరి తీయలేదు. పద్యం చచ్చి భావం మిగిలినది. తప్పు వెనుక బెంచీది మాత్రమే కాదు.

కనుక కళాశాల కమిటీ వారికి ఒక విన్నపం. రాబోయే వార్షికోత్సవాన, పెద్ద స్పీకర్లు మ్రోగక మునుపు, గ్రంథాలయపు హాలులో ఒక గంట సమయం ఇప్పించండి. ఒక ఖయాల్, ఒక గజల్, నిదానంగా చదివిన నాలుగు పద్యాలు, ఈ ఆల్బమునుండి రెండు పాటలు వినిపిస్తాము. చాపలు మేమే తెచ్చుకొంటాము. కబుర్లాడదలచినవారికి క్యాంటీన్ తెరచియే ఉండును.