64 వార్డులు, ఒక్క ప్రశ్న లేదు

2021 మార్చి 10న రాష్ట్రంలో మునిసిపల్ ఎన్నికల పోలింగ్ జరిగింది. మాచర్లలో జరగలేదు. పిడుగురాళ్లలోనూ జరగలేదు. మాచర్లలో 31 వార్డులు, పిడుగురాళ్లలో 33 వార్డులు, మొత్తం 64 వార్డులూ ఒకే పార్టీకి ఏకగ్రీవమయ్యాయి. ఆ విడతలో అన్ని వార్డులూ అలా ముగిసిపోయిన పురపాలక సంఘాలు రాష్ట్రంలో నాలుగు. పులివెందుల, పుంగనూరు పోను మిగిలిన రెండూ మా పల్నాటివే. ఊరు ఎటు పెరగాలి, పెరిగిన ఊరికి నీళ్లెక్కణ్నుంచి తేవాలి, మురుగు ఎటు పోవాలి అన్న విషయం మీద ఆ అరవై నలుగురిలో ఒక్కరూ మా గడప దగ్గర నిలబడి నోరు విప్పాల్సిన అవసరం రాలేదు. మేమూ అడగలేదు.

భయం లేదని ఎవరూ అనలేరు. 2020 మార్చిలో, నామినేషన్ల రోజుల్లో, మాచర్ల రోడ్డు మీద ప్రతిపక్ష నాయకుల కారుపై జరిగిన దాడిని దేశమంతా టీవీల్లో చూసింది. ఊళ్లో ఉన్నవాడికి టీవీ అక్కర్లేదు. కాగితం పట్టుకుని ఆఫీసు మెట్లెక్కాలంటే ఇంట్లోవాళ్లు చేయి పట్టుకుని ఆపిన రోజులవి. అయితే ఆ తర్వాత ఏం జరిగిందో కూడా చెప్పాలి. కరోనా వల్ల ఆ ఎన్నిక మార్చి 15న ఆగిపోయింది. ఆగిన చోటి నుంచే మళ్లీ మొదలయ్యేసరికి ఏడాది గడిచింది. ఏడాదంటే తక్కువ కాలం కాదు. ఊళ్లో డాక్టర్లున్నారు, ప్లీడర్లున్నారు, లెక్చరర్లున్నారు, రిటైరైన ఇంజనీర్లున్నారు, వర్తక సంఘాలున్నాయి, మాలాంటి నాలుగు అక్షరాలు రాసేవాళ్లున్నాం. మాకు ఓటు వేసే అవకాశం ఎందుకు లేకుండా పోతోందని ఒక హాల్లో కూర్చుని మాట్లాడుకోలేదు. ఒక మహజరు మీద పదిమందిమి సంతకాలు పెట్టలేదు. ఏకగ్రీవం ఖాయమని తెలిశాక టీకొట్టు దగ్గర వినిపించిన మాట ఇప్పటికీ చెవిలోనే ఉంది: "పోన్లే అన్నా, గొడవల్లేకుండా పోయింది. ఎవరైతే ఏంది మనకి." ఆ మాటకు తల ఊపినవాళ్లం మేమే. అందరికన్నా ముందు మాకు కలిగింది కోపం కాదు, హమ్మయ్య అన్న ఊరట. భయం మా నోరు మూయించిందన్నది సగం నిజమే. మిగతా సగం ఆ ఊరటలో ఉంది.

2024లో ప్రభుత్వం మారాక ఆ కౌన్సిలర్లలో కొందరు కండువాలు మార్చుకున్నారు. మమ్మల్ని మోసం చేశారని అనడానికి మాకు నోరెక్కడిది? మా ఓటుతో గెలవనివాళ్లు మాకు చెప్పి వెళ్లాల్సిన పనేముంది?

పోటీ జరిగిన చోట మేం చేసిందేమిటి? గురజాల, దాచేపల్లి నగర పంచాయతీలయ్యాక వాటి మొదటి ఎన్నిక 2021 నవంబరు 15న జరిగింది. పంచాయతీగా ఉన్న ఊరు పట్టణం అవుతోందంటే అడగాల్సినవి ఎన్నో. పన్ను ఎంత పెరుగుతుంది? పెరిగిన పన్నుతో ఏం వస్తుంది? చెత్త ఎక్కడ పోస్తారు? పొలాల మధ్య లేచే ప్లాట్లకు దారి ఎవరు వేస్తారు? మేం మాట్లాడుకున్నవి మాత్రం వేరు. వార్డు ఏ కులానికి రిజర్వయింది, ఎవరు ఎంత పెట్టుకోగలరు, ఎమ్మెల్యేకి ఎవరు దగ్గర, ఓటుకి ఎంత. ఏటా కార్తీకంలో కారంపూడి వీరుల ఉత్సవాలకు వెళ్లి, బ్రహ్మనాయుడు అన్ని కులాలనూ ఒక పంక్తిలో కూర్చోబెట్టిన చాపకూడు గురించి పిల్లలకు గర్వంగా చెబుతాం. ఓటర్ల జాబితా చేతికి రాగానే అదే చేత్తో పేర్ల పక్కన కులం రాసుకుంటాం.

నరసరావుపేట సంగతి ఇంకా బాధ. 1915 నాటి పురపాలక సంఘం అది. 2014లో ఎన్నికైన పాలకవర్గం గడువు 2019లో తీరింది. 2021లో ఎన్నిక జరగలేదు. 2022 ఏప్రిల్ 4న ఆ ఊరు పల్నాడు జిల్లా కేంద్రమైంది. కలెక్టరేటు వచ్చింది, ఎస్పీ ఆఫీసు వచ్చింది, గజం ధర పెరిగింది, అద్దెలు పెరిగాయి. ఊరు అంత వేగంగా మారుతున్నప్పుడు దాని గురించి మాట్లాడడానికి ఎన్నికైన కౌన్సిలర్ ఒక్కరూ లేరు. ప్రత్యేకాధికారి పాలన వచ్చిందని మేం కలవరపడలేదు. మా ప్లాటు ధర ఎంత పలుకుతోందో కనుక్కునే పనిలో ఉన్నాం.

అవును, ప్లాట్లు. అసలు తప్పు అక్కడే ఉంది, దాన్ని ఏ పార్టీ మీదా వేయలేం. నార్కెట్‌పల్లి–అద్దంకి రోడ్డు పక్కన, మాచర్ల రోడ్డు పక్కన, మిరప చేలు, పత్తి చేలు ఉన్న చోట గ్రావెల్ పోసి, హద్దురాళ్లు పాతి, రంగు జెండాలు కట్టి వెంచర్లు వేశారు. కొన్నది మేమే. అనుమతి ఉందా అని అడిగితే అమ్మేవాడు ఒకటే మాట అన్నాడు: "పంచాయతీ అప్రూవల్ ఉంది సార్, తర్వాత ఎల్ఆర్ఎస్ కట్టుకుంటే సరిపోద్ది." సరిపోద్దని మేమూ అనుకున్నాం. లేఅవుట్‌లో పదో వంతు స్థలం పార్కుకీ పది మంది అవసరాలకీ విడిచిపెట్టాలన్న నిబంధన మాకు తెలియనిది కాదు. అలా విడిస్తే గజం ధర పెరుగుతుందని కూడా తెలుసు. చవగ్గా వచ్చింది కదా అని, విడవని చోటే కొన్నాం. 2020లో ఒకసారి, 2025లో మరోసారి ఆ ఎల్ఆర్ఎస్ పేరుతో లేఅవుట్ల క్రమబద్ధీకరణకు అవకాశం ఇస్తే, ఊరికి మేలు జరిగిందన్నట్టు పండగ చేసుకున్నాం. అపరాధ రుసుము కడితే కాగితం సక్రమమవుతుంది. రాని మురుగు కాలువ వస్తుందా? రెండు ఆటోలు ఎదురైతే తప్పుకోలేని వీధి వెడల్పవుతుందా?

మా వీధి కాలువను ఒకసారి దగ్గరగా చూడండి. దాని మీద నాపరాళ్లు పరిచి ఉంటాయి. మాచర్ల నాపరాయికి పేరున్న ఊరు, కొరతేం లేదు. ముందు ఒక్క రాయి, గడపలోకి అడుగు పెట్టడానికి. తర్వాత బండి దిగడానికి రెండు. తర్వాత వాటి మీద సిమెంటు, ఆ సిమెంటు మీద అరుగు, అరుగు మీద చిన్న షట్టరు, అద్దెకు. పారిశుద్ధ్య కార్మికుడు పూడిక తీయాలంటే పార పెట్టడానికి సందు ఉండదు. ఒక చోట తీసి పక్కింటి దగ్గర ఆగిపోతాడు. ఆ మూతల కింద, మురుగులోనే మునిగి, ఇంటింటికీ నీళ్ల కుళాయి పైపు పోతుంటుంది. మోటారు పెట్టి లాగినప్పుడు పైపు ఎక్కడ చిల్లు పడి ఉంటే అక్కడి నీరు లోపలికి వస్తుంది. ఈ పని చేసింది కౌన్సిలర్ కాదు, కమిషనర్ కాదు. ఇంటి యజమానులం చేశాం. నాపరాయి తీయడానికి మునిసిపాలిటీ వాళ్లు వచ్చిన రోజున ఎమ్మెల్యే మనిషికి ఫోన్ చేసిందీ మేమే.

2024 వానాకాలంలో పిడుగురాళ్లలో డయేరియా వచ్చింది. మారుతీనగర్, లెనిన్‌నగర్ లాంటి కాలనీల వాళ్లు ఆసుపత్రుల పాలయ్యారు. పురపాలక మంత్రి వచ్చి చూసి వెళ్లారు. కలుషిత నీళ్లు, బోర్లు, లీకులు అంటూ వారం రోజులు పేపర్లు రాశాయి. జబ్బుపడింది కూలి పనికి పోయే ఇళ్లు, మురుగు పక్కన బోరు నీళ్లు తాగే ఇళ్లు. ఆర్వో క్యాన్లు తెప్పించుకునే మాలాంటి వాళ్ల ఇళ్లు కావు. అందుకే మాకు అది వారం రోజుల వార్త అయింది. నాగార్జునసాగర్ మాచర్లకు కూతవేటు దూరంలో ఉన్నట్టే. కుడి కాలువ మా నేల మీదుగానే పోతుంది. అయినా ఎండాకాలంలో శివారు కాలనీల్లో ట్యాంకరు చుట్టూ బిందెల గొడవ మామూలే. మాచర్ల మురుగు మాత్రం చెన్నకేశవుడి గుడి పక్కన పారే చంద్రవంక వైపు దారి వెతుక్కుంటుంది.

2011 జనాభా లెక్కల్లో మాచర్ల 57 వేలు, పిడుగురాళ్ల 63 వేలు, నరసరావుపేట 1 లక్ష 17 వేలు. 2021లో జరగాల్సిన లెక్క జరగలేదు. సున్నపు బట్టీలకూ ముగ్గురాయి మిల్లులకూ బతుకుతెరువు కోసం వచ్చినవాళ్లు, చుట్టుపక్కల ఊళ్ల నుంచి పిల్లల చదువుల కోసం వచ్చినవాళ్లు, అందరూ పాత అంకె మీదే నీళ్లు పంచుకుంటున్నారు. కనీసం మా వార్డులో ఎన్ని ఇళ్లు పెరిగాయో మేమే తిరిగి లెక్క రాసుకోవచ్చు. కుల సంఘం చందాల కోసం ఇల్లిల్లూ తిరుగుతాం కదా.

74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాంతో చేరిన పన్నెండో షెడ్యూలులో పురపాలక సంఘాలకు అప్పగించదగ్గ 18 బాధ్యతలున్నాయి. మొదటిదే పట్టణ ప్రణాళిక. ఆ అధికారాలు పట్టణాలకు పూర్తిగా దక్కలేదన్నది నిజం. కానీ దక్కలేదని పల్నాడులో గొంతెత్తిందెవరు? మా దృష్టిలో కౌన్సిలర్ అంటే వీధిలైటు వేయించేవాడు, పెన్షన్ ఇప్పించేవాడు, పోలీసు స్టేషన్‌కి తోడొచ్చేవాడు. అంతకు మించి ఆయన్ని ఏమీ కోరలేదు. కోరనిది ఆయన ఇవ్వలేదు.

ఏకగ్రీవమైన ఆ కౌన్సిళ్ల ఐదేళ్ల గడువు 2026 మార్చితో తీరేది. ఆ గడువు దగ్గరపడుతున్న కొద్దీ మా మాటల్లో వినిపించింది మళ్లీ అదే, ఛైర్మన్ సీటు ఎవరికి రిజర్వవుతుందని. ఓటు అడగడానికి వచ్చేవాణ్ని అడగాల్సినవి మూడు నాలుగే. మురుగులోంచి పోతున్న కుళాయి పైపుల్ని ఎప్పటికి పైకి తీస్తావు? కాలువ మీది అరుగు నీ బంధువుదైనా తీయిస్తావా? అనుమతి లేని వెంచరు లేస్తుంటే మొదటి రాయి పాతిన రోజే ఆపిస్తావా? కౌన్సిల్ సమావేశంలో ఏం తీర్మానించారో ప్రతి నెలా వార్డులో చదివి వినిపిస్తావా?

వీటికి జవాబులు తెలిసినవాళ్లు మా మధ్యే ఉన్నారు. ముప్పై ఏళ్లు పైపులైన్లు వేసి రిటైరైన ఇంజనీర్ ఉన్నాడు. ఏ వీధిలో నీళ్లు ఏ గంటకు ఆగిపోతాయో చెప్పగల ట్యాంకరు డ్రైవర్ ఉన్నాడు. ప్రతి నాపరాయి కిందా ఏముందో తెలిసిన పారిశుద్ధ్య కార్మికురాలు ఉంది. వాళ్లలో ఒక్కరి ఇంటికైనా వెళ్లి, నువ్వు నిలబడమ్మా, వెనక మేమున్నాం అని మేం ఇంతవరకూ అనలేదు.