బీరువా తాళాలు తీయండి

"తెలుగువాళ్లు చదవడం మానేశారు" అనే మాట వింటే ఒళ్లు మండుతుంది. కొత్త పుస్తకం కంటపడే దారులన్నీ మూసేసి, నేరం పాఠకుడి నెత్తిన రుద్దడం ఏం న్యాయం?

మా ఊరి శాఖా గ్రంథాలయంలో పొద్దున్నే కుర్చీలన్నీ నిండిపోతాయి. పెద్దవాళ్లు దినపత్రికలు చదువుకుంటుంటారు, కుర్రాళ్లు గ్రూప్స్ పరీక్షల గైడ్లతో కుస్తీ పడుతుంటారు. గోడవారగా ఇనుప బీరువాలు, వాటికి తాళాలు. అద్దంలోంచి చూస్తే అట్టలూడిన పాత నవలలు. ఈ పదేళ్లలో వచ్చిన కథల సంపుటి గానీ, చరిత్ర పుస్తకం గానీ ఒక్కటీ కనిపించదు. చదివేవాళ్లు ఎదురుగానే కూర్చుని ఉన్నారు. వాళ్ల చేతికి పుస్తకం ఇచ్చే దిక్కే లేదు.

పోనీ, ఏం చదవాలని ఎవరినైనా అడగండి. మహాప్రస్థానం, అసమర్థుని జీవయాత్ర, చివరకు మిగిలేది. గొప్ప పుస్తకాలే. కానీ దశాబ్దాలుగా అదే జాబితా అప్పజెబుతుంటే నిన్నగాక మొన్న రాసినవాళ్ల గతేంటి? ఆన్‌లైన్ దుకాణమూ అంతే. నిన్న కొన్నదాన్ని పోలినదే ఇవాళా చూపిస్తుంది. నవలలు చదివేవాడికి ఆత్మకథలున్నాయని తెలియనే తెలియదు.

తాళం లేని అర ముందు నిలబడ్డవాడి సంగతి వేరు. అలెక్స్ హేలీ 'ఏడు తరాలు' కోసం వచ్చినవాడికి పక్కనే వై.బి. సత్యనారాయణ 'మా నాయన బాలయ్య' కనబడుతుంది. అమెరికా బానిసల కథ చదివిన కళ్లతోనే తెలంగాణ దళిత రైల్వే కార్మికుడి బతుకు చదువుతాడు. అక్కణ్నుంచి గోగు శ్యామల కథలు ఎంతో దూరం కాదు. నవల నుంచి జీవితచరిత్రకు, అందులోంచి కథకు ఇలా దారి పడుతుంది. ఆ దారికే మనం తాళం వేశాం.

ఈ నేల మీదే 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. అయ్యంకి వెంకటరమణయ్య ఊరూరా గ్రంథాలయాల కోసం జీవితం ధారపోశారు. పాతూరి నాగభూషణం కాలువ మీద పడవలో పుస్తకాలు పంపించారు. వాళ్ల చేతిలో చట్టం లేదు, నిధుల్లేవు. మనకు 1960 నాటి గ్రంథాలయాల చట్టం ఉంది, ఇంటిపన్నుతో కలిపి వసూలు చేసే గ్రంథాలయ సెస్సూ ఉంది. రూపాయి పన్నుకు 8 పైసలు. ఆ సొమ్ము గ్రంథాలయ సంస్థలకు జమచేయకుండా స్థానిక సంస్థలు బకాయిలు పెట్టడం ఏళ్ల తరబడి సాగుతున్న దోపిడీ. అవును, దోపిడీయే. పుస్తకం పేరు చెప్పి జనం దగ్గర వసూలు చేసిన డబ్బు పుస్తకానికి చేరకపోతే దానికి ఇంకో పేరు లేదు.

బకాయిలు కట్టండి. ఏటా కొత్త పుస్తకాలు కొనండి, కథా చరిత్రా సైన్సూ అన్నీ. ఏం కొన్నారో గోడమీద రాసి పెట్టండి. బీరువాల తాళాలు తీయండి. పాఠకులారా, మీ ఇంటిపన్ను రసీదు పట్టుకుని గ్రంథాలయానికి వెళ్లండి. "నా డబ్బుతో ఈ ఏడాది ఏ పుస్తకం కొన్నారు?" అని అడగండి. జవాబు వచ్చేదాకా కదలకండి.