ఒంటి ప్రాణికి జోడు

కొవ్వూరు గోష్పాద క్షేత్రానికి ఒక పురాణగాథ ఆధారం. చేనులో మేయవచ్చిన గోవును గౌతమ మహర్షి దర్భతో అదిలించగా అది అక్కడికక్కడే కూలిపోయినదట. దానిని చంపవలెనని ఆయన తలచలేదు. గడ్డిపరక తగిలితే గోవు ప్రాణం పోతుందని ఎవరు మాత్రం అనుకొంటారు? ఐనా తెలియక జరిగినది గదా అని మహర్షి ఊరుకొనలేదు. తపస్సు చేసి గోదావరిని ఆ చోటికి రప్పించినాడు. క్రూరత్వం వల్ల కలిగే హింసను గురించి చెప్పిన కథలు లోకంలో ఎన్నో ఉన్నవి. తెలియనితనం వల్ల కలిగే హింసకు కూడా జవాబుదారీ ఉన్నదని చెప్పిన కథ ఇది. ఆ కథను తన పేరుతో ముడివేసుకొన్న ఊరిలో, ఒక చిన్న ప్రాణిని గురించి ఆలోచించడం అసందర్భం కాబోదు.

ఆ ప్రాణి గినీపిగ్. ఈ పేరు తెలుగువారికి చాలాకాలంగా ప్రయోగశాల సామెతగానే పరిచితం. ఇటీవల అది పట్టణాలలోని దుకాణాల నుండి పిల్లల చేతులలో ఇండ్లకు వస్తున్నది. పేరులో పంది ఉన్నా అది పంది కాదు. ఎలుక, ఉడుతల వలె కొరికే దంతాల జాతి. గినీ దేశానికీ దానికీ సంబంధం లేదు. దాని జన్మభూమి దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతప్రాంతం. అక్కడి జనులు వేల సంవత్సరాల క్రితమే దానిని మచ్చిక చేసుకొని వంటయింటి మూలలలో మందలుగా పెంచినారు. ఆ ఇండ్లలో అది మనుషుల ఆహారం కొరకే పెరిగినది. కాని బ్రతికినన్నాళ్లూ ఒంటరిగా మాత్రం బ్రతకలేదు. ఇక్కడ ముద్దు కొరకు పెరిగేది తరచుగా ఒంటరిగానే బ్రతుకుతున్నది. ఈ వైపరీత్యమే ఆలోచించదగినది.

పిల్లవాడు ఒకటి అడిగినాడు గనుక తండ్రి ఒకటి కొంటాడు. లేక రెండు కొంటే, ఒకటి చనిపోయి ఒకటి మిగులుతుంది. మిగిలినది పంజరం మూల ముడుచుకొని కదలక మెదలక కూర్చుంటుంది. "పాపం, ఎంత బుద్ధిమంతురాలో" అని ఇంటిల్లిపాదీ మెచ్చుకొంటారు. అది బుద్ధి కాదు, బెదురు. తోటిది పక్కన ఉన్న గినీపిగ్ ఊరక కూర్చోదు. ఈలవేస్తుంది, గురగురమంటుంది, ఉత్సాహం వస్తే ఉన్నచోటనే ఎగిరి గంతులు వేస్తుంది. మూగజీవి అనే మాట దానికి పొసగదు. మాట్లాడడానికి తోడు లేక మూగపోయిన జీవి అనడం సబబు.

ఇది కేవలం జాలిమాట కాదు. జర్మనీలో నార్బర్ట్ జాఖ్సర్, ఆయన సహచరులు 1990ల నాటి తమ పరిశోధనలలో ఈ జంతువులను పరిచయం లేని పంజరాలలో ఉంచి, భయాందోళనల వేళ పెరిగే కార్టిసాల్ అనే హార్మోనును కొలిచినారు. మగదాని పక్కన దానికి చిరపరిచితమైన ఆడది ఉంటే ఆ పెరుగుదల బాగా తగ్గినది. ముక్కూముఖం ఎరుగని ఆడదానిని తెచ్చి ఉంచితే తగ్గలేదు. ఇందులో రెండు నీతులు ఉన్నవి. తోడు ప్రాణికి మందు. కాని ఏదో ఒక తోడు తెచ్చి పడవేసినంత మాత్రాన అది మందు కాదు, తోడు కుదరవలె.

కుదర్చడం అనే విద్య గోదావరి సీమకు కొత్తది కాదు. ట్రాక్టర్లు రాకముందు కాడిలో ఒక ఎద్దు పోతే రైతు మరునాడే సంతకు పోయి దొరికిన ఎద్దును తోలుకొని వచ్చేవాడు కాడు. ఎత్తు చూచేవాడు, నడక చూచేవాడు, పండ్లు చూచి వయస్సు కట్టేవాడు. ఉన్నది దాపటిది ఐతే వచ్చేది వెలపట నడవగలదా అని విచారించేవాడు. రెంటినీ కొన్నాళ్లు పక్కపక్కన కట్టివేసి, ఒకదాని వాసన ఒకదానికి అలవాటైన తరువాతనే మెడమీద కాడి వేసేవాడు. అంత విచారణ ఎందుకంటే, జోడు కుదరకపోతే దుక్కి సాగదు. గినీపిగ్ దుక్కి దున్నదు. కాబట్టి దాని జోడును గురించి విచారించే ఓపిక ఎవరికీ ఉండదు. ఉపయోగం ఉన్నచోట ఉన్న శ్రద్ధ ప్రేమ ఉన్నచోట లేకపోవడం వింతగా లేదా?

విచారించవలసినవి మరీ ఎక్కువ కావు. మొదటిది, ఆడదో మగదో తెలిసినవారిచేత చూపించుకోవడం. దుకాణంవాని మాట నమ్మి "రెండూ ఆడవే" అనుకొన్న ఇంట రెండు మూడు నెలలలో పిల్లలు పుట్టవచ్చు. ఈనిన గంటలలోనే తల్లి మళ్లీ చూలు కట్టగలదు. ఏడెనిమిది నెలల వయస్సు దాటినా ఒక్కసారి కూడా ఈనని ఆడదానికి కటి ఎముకలు బిగిసిపోతవి. అప్పుడు తొలిచూలు దాని ప్రాణానికే ముప్పు. రెండు ఆడవి, లేదా శస్త్రచికిత్స చేయించిన మగది, ఆడది: ఇవి సాధారణంగా కుదిరే జోడులు. శస్త్రచికిత్స ఐన తరువాత కూడా మగదానిని కొన్ని వారాలు వేరుగా ఉంచవలె. రెండు మగవి కూడా చిన్ననాటి నుండి కలిసి పెరిగి, విశాలమైన చోటు ఉండి, దాపున ఆడది లేకపోతే సామరస్యంగా ఉండవచ్చు.

రెండవది, కొత్తదానిని రెండు మూడు వారాలు వేరుగా ఉంచి ఆరోగ్యం గమనించడం. మూడవది, రెంటికీ కొత్తదైన చోట కలపడం. పాతదాని పంజరంలోకి కొత్తదానిని నెట్టితే అది ఇల్లు ఆక్రమించ వచ్చిన శత్రువుగానే కనబడుతుంది. దాగడానికి రెండు గూళ్లు, తినడానికి రెండు గిన్నెలు ఉండవలె. కొంత తరుముకోవడం, గురగురమనడం సహజం. పండ్లు పటపటలాడించి రక్తం వచ్చేటట్లు కరచుకొంటే విడదీయవలె. కుందేలు మాత్రం దానికి తోడు కాదు. దాని కాలితన్ను ఎముకలు విరచగలదు. దాని భాష వేరు, దాని మేత వేరు. మనిషి వలెనే గినీపిగ్ తన శరీరంలో సి విటమిన్ తయారుచేసుకోలేదు, కుందేలు చేసుకోగలదు. అద్దం తోడు కాదు, బొమ్మ తోడు కాదు.

"మా పిల్లవాడు రోజంతా దానితోనే ఆడుకొంటాడు గదా, అది ఒంటరి ఎట్లా ఔతుంది?" అని ఒక ఆక్షేపణ. ఆ పిల్లవాడు బడికి పోతాడు, నిద్రపోతాడు. గినీపిగ్ రాత్రింబవళ్లు కొద్దికొద్దిగా నిద్రపోయి లేస్తూ ఉండే ప్రాణి. ఏదో ఒక రాత్రి ఆ పిల్లవాడే, "నాన్నగారూ, మనం పడుకొన్నాక ఇది ఎవరితో మాట్లాడుతుందండీ?" అని అడిగితే ఆ తండ్రి వద్ద సమాధానం ఉండదు. మనుషులకే తోడు కరువైన రోజులలో జంతువుకు తోడు వెదకడం విలాసం కాదా అని మరొక ఆక్షేపణ. విలాసం దానిని కొనడంలోనే ఉన్నది. కొన్న తరువాత మిగిలేది బాధ్యత ఒక్కటే.

స్విట్జర్లాండ్ 2008లో చేసిన నియమాలలో గినీపిగ్ వంటి సంఘజీవులను ఒంటరిగా పెంచరాదని శాసించినది. దానితో ఒక చిక్కు వచ్చినది: జోడులో ఒకటి పోయినప్పుడల్లా కొత్తది తెస్తూ పోతే ఆ గొలుసుకు అంతమెక్కడ? అందుకు అక్కడ మిగిలినదానికి తోడుగా మరొకదానిని ఎరువుకు ఇచ్చే ఏర్పాటు పుట్టినది. భారతదేశపు 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ఇరుకు పంజరాన్ని, తెగని గొలుసును నేరమన్నది; ఒంటరితనాన్ని పేర్కొనలేదు. 2018 నియమాల ప్రకారం పెంపుడు జంతువుల దుకాణాలు నమోదు కావలె. నమోదైన దుకాణదారు "ఒక్కదానిని అమ్మను" అనే మాట కూడా నేర్చుకొంటే ఈ సమస్యలో సగం తీరుతుంది.

మిగిలిన సగం ఇండ్లలో తీరవలసినది. కొవ్వూరులో ఒక ఇంట ఒకటి, వంతెన దాటి రాజమహేంద్రవరంలో ఒక ఇంట ఒకటి ఒంటరిగా ఉన్నవనుకొంటే, మూడవదానిని కొనడం ధర్మం కాదు. ఆ రెండూ ఒక గూటికి చేరవలె. అంటే ఎవరో ఒకరి పిల్లవాడు తనదానిని విడువవలె. ఆ ఇంట ఒక పూట ఏడ్పు తప్పదు. "అది నాది" అనే ప్రేమకూ "అది సుఖంగా ఉండవలె" అనే ప్రేమకూ గల తేడాను ఆ ఏడ్పు నేర్పినట్లు ఏ పాఠ్యపుస్తకమూ నేర్పలేదు. ఆ పాఠం తప్పించడానికి పెద్దలు దానిని ఒంటరిగానే ఉంచితే, పిల్లవాని కన్నీరు ఆగుతుంది. పంజరంలోని దుఃఖానికి కన్నీరు లేదు గనుక అది ఎవరికీ కనబడదు.

గడ్డిపరకతో అదిలించిననాడు గౌతమునికి తెలియదు. తెలిసిన తరువాత ఆయన చేసినదే గోదావరి ఐనది. ఒంటి ప్రాణిని ఇంట పెట్టుకొన్నవారికి ఇంతవరకు తెలియకపోయి ఉండవచ్చు. ఇక చేయవలసినది నదిని దింపడమంత కష్టమైనదీ కాదు. ఒక పంజరాన్ని మరొక ఇంటి గుమ్మం దాకా మోసుకొనిపోవడం మాత్రమే.