ట్రాక్టరు అశ్వశక్తియు, డీజెలు వ్యయమును



ట్రాక్టరు కొనుటకై సంఘమునుండి అప్పు కోరుచు వచ్చు దరఖాస్తులను చూచినప్పుడెల్ల నాకొక విచారము కలుగుచుండును. ఎన్ని అశ్వశక్తుల యంత్రము కావలెనో దరఖాస్తులో స్పష్టముగా నుండును. ఆ యంత్రము సంవత్సరములో ఏ పని ఎన్ని గంటలు చేయునో మాత్రము ఎక్కడను వ్రాయబడియుండదు. కారణ మడిగినచో, "ప్రక్కవారు ఏబది కొన్నారండీ" యను సమాధానము వచ్చును. అప్పు తీర్చవలసినవారు ప్రక్కవారు కారు గదా!

ఈ విషయమున మన గ్రామములలో రెండభిప్రాయములు గలవు. పెద్ద యంత్రము శ్రమపడదు గావున డీజెలు తక్కువ త్రాగునని కొందఱందురు. చిన్న యంత్రమునకు ఎల్లప్పుడును ఖర్చు తక్కువయని మఱికొందఱందురు. రెండును సగము సగము నిజములు. డీజెలు ఖర్చును నిర్ణయించునది యంత్రమునకును, అది లాగు బరువునకును గల పొంతనయని నా అభిప్రాయము. ఆ పొంతన చూడక అప్పు చేయరాదని చెప్పుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

మొదట డీజెలు ఎక్కడికి పోవుచున్నదో చూతము. మంచి స్థితిలోనున్న ట్రాక్టరు యంత్రమునందు డీజెలు మండి పుట్టిన వేడిలో సుమారు మూడవ వంతు మాత్రమే పనిగా మారును. మిగిలినది పొగగొట్టము ద్వారమునను, రేడియేటరు ద్వారమునను గాలిలో కలియును. ఆ మూడవ వంతైనను యంత్రమునకు తగిన బరువున్నప్పుడే లభించును. పిస్టనుల రాపిడి, నూనె పంపు, నీళ్ల పంపు, ఫ్యాను, హైడ్రాలికు పంపు వీనిని త్రిప్పుటకు పోవు ఖర్చు ట్రాలీ నిండియున్నను, ఖాళీగా నున్నను ఇంచుమించు ఒక్కటియే. యంత్రము పెద్దదైన కొలది ఆ ఖర్చును పెద్దది. గుఱ్ఱము గుడ్డిదైనను దాణాకు తక్కువ లేదని మన పెద్దలన్న మాట ఈ ఇనుప గుఱ్ఱములకు సరిగా సరిపోవును. 50 అశ్వశక్తుల ట్రాక్టరు ఏ పనియు చేయక నిలిచి తిరుగుచున్నను గంటకు సుమారు ఒక లీటరు డీజెలు ఖర్చగును.

తగిన బరువుతో పనిచేయు యంత్రము ఒక లీటరు డీజెలుకు 4 మొదలు 4½ అశ్వశక్తి-గంటల పని యిచ్చును. అనగా 20 అశ్వశక్తుల పనిని గంటసేపు చేయుటకు నాలుగైదు లీటర్లు కావలయును. అదే యంత్రమును పూర్తి వేగముతో త్రిప్పుచు, దాని శక్తిలో ఐదవ వంతు మాత్రమే వాడుకొన్నచో, లీటరుకు వచ్చు పని ఇంచుమించు సగమునకు పడిపోవును. మిగిలిన సగము డీజెలునకు మనము ధర చెల్లించుచునే యుందుము.

ఇప్పుడొక లెక్క వేయుదము. తొట్టితో కలిపి 5 టన్నుల బరువుగల ట్రాలీని 2 టన్నుల ట్రాక్టరు చదునైన తారురోడ్డుపై గంటకు 15 కిలోమీటర్ల చొప్పున లాగుచున్నదనుకొనుడు. మంచి రోడ్డుపై చక్రములకు కలుగు అడ్డగింపు మొత్తము బరువులో నూటికి సుమారు 2 వంతులు. కావున 7 టన్నులకు 140 కిలోల లాగుడు అవసరము. ఆ వేగమునకు చక్రములయొద్ద కావలసినది 8 అశ్వశక్తులు. గేర్లలో పోవునది కలిపినను 10 చాలును. 50 అశ్వశక్తుల యంత్రమునకు ఇది ఐదవ వంతు పని మాత్రమే. పిచ్చుకపై బ్రహ్మాస్త్రము వేసినట్లయినది. 35 అశ్వశక్తుల యంత్రమునకైనను ఇది మూడవ వంతు లోపే.

వంతెన యెక్కవలసివచ్చిన నేమగునని అడుగవచ్చును. 20 అడుగులకు ఒక అడుగు చొప్పున ఎత్తు పెరుగు బాటలో లాగుడు 490 కిలోలగును. అదే వేగముతో ఎక్కవలెనన్న 27 అశ్వశక్తులు కావలయును. గేరు తగ్గించి వేగమును సగము చేసినచో అందులో సగము చాలును. వంతెన దాటుటకు పట్టు నాలుగు నిమిషములకై సంవత్సరమంతయు పెద్ద యంత్రమును పోషించుట వివేకము కాదు. తడిసిన పుంతలో చక్రములు కూరుకొనిపోయినపుడు సైతము సాధారణముగా లోపించునది పట్టు. టైర్ల గరుకును, ట్రాక్టరు బరువును చూచుకొనక అశ్వశక్తిని పెంచినచో చక్రములు ఉన్నచోటనే మఱింత వేగముగా తిరుగును.

ఇందువలన చిన్న యంత్రమే మేలని చెప్పితిననుకొనవలదు. నల్లరేగడిలో లోతు దుక్కియు, చేలలో దమ్మును వేఱు సంగతి. 6 అడుగుల రోటవేటరును చక్కగా త్రిప్పుటకు 45 మొదలు 50 అశ్వశక్తులు కావలయును. దానిని 30 అశ్వశక్తుల యంత్రమునకు తగిలించినచో యంత్రము మూలుగుచు నల్లని పొగ విడుచును. ఆ పొగ సరిగా మండని డీజెలు. అనగా మన రూపాయలు. పని రెండుసార్లు చేయవలసివచ్చును, యంత్రము వేడెక్కును, ఆయుష్షు తగ్గును. తగిన పనిముట్టుతో నిండు బరువున పనిచేయునపుడు పెద్ద ట్రాక్టరునకును, చిన్న ట్రాక్టరునకును ఎకరమునకగు డీజెలులో భేదము స్వల్పము. పెద్దది త్వరగా ముగించును. కాలువ నీరు వంతులవారీగా వచ్చు దినములలో ఆ త్వరకు విలువ యున్నది.

నేనెఱిగిన ఒక రైతు ఆఱెకరముల సాగుకై 55 అశ్వశక్తుల ట్రాక్టరు కొనెను. దమ్ము దినములు గడచిన పిమ్మట దాని పని యెల్ల బస్తాలు మోయుట, ఎరువులు తెచ్చుట, పెండ్లిండ్లకు జనమును చేర్చుట. డీజెలు అధికముగా నగుచున్నదని రెండుమాఱులు నాజిలులు మార్పించెను. మెకానికు పంపు విప్పి బిగించెను. యంత్రమునందు ఏ దోషమును లేదు. సౌలు రాజు కవచమును దావీదు తొడిగి చూచి, నడువలేక విడిచిపెట్టెను. ఈ సోదరుడు విడువలేకపోయెను. వాయిదాలు ఇంకను మిగిలియుండెను.

లారీల విషయమునను ఈ సూత్రమే వర్తించును. 2005లో వచ్చిన టాటా ఏస్ బండిని తలచుకొనుడు. సుమారు 700 సి.సి., రెండు సిలిండర్లు, 16 అశ్వశక్తులు. కూరగాయలు, పాలడబ్బాలు మోయు చిన్న బరువులకు పెద్ద లారీ అక్కఱలేదని ఆ బండి దేశమునకు చూపినది. అదే బండిపై రెండింతలు బరువు వేసి ఘాటురోడ్డు ఎక్కింపజూచినచో పొదుపు మాయమగును. దూరప్రయాణపు లారీలకు మఱియొక అంశము చేరును. వేగము రెండింతలైనచో గాలి అడ్డగింపు నాలుగింతలగును. దానిని జయించుటకు కావలసిన శక్తి ఎనిమిదింతలగును. ట్రాక్టరు వేగమునకు గాలిని లెక్కింప నక్కఱలేదు. లారీకి మాత్రము యంత్రపు పరిమాణముకంటె డ్రైవరు పాదమే పలుమాఱు ఎక్కువ డీజెలు త్రాగించును.

పెద్ద యంత్రము ఇదివఱకే కొన్నవారు నిరాశపడవలదు. తేలిక బరువు లాగునపుడు ఒక గేరు పైకి వేసి, యాక్సిలరేటరు తగ్గించి, అదే వేగముతో నడుపవలయును. యంత్రము నెమ్మదిగా తిరిగినచో రాపిడి తగ్గి, డీజెలు మిగులును. నల్లపొగ వచ్చినను, యంత్రము కొట్టుకొన్నను వెంటనే గేరు తగ్గింపవలయును. రోటవేటరు, నూర్పిడి యంత్రము మొదలగు పి.టి.ఓ. పనులకు నిర్ణీత చుట్లు కావలసియుండును గావున వానికి ఈ ఉపాయము పనికిరాదు.

అమ్మకందారుని మాటనే ప్రమాణముగా తీసుకొన నక్కఱలేదు. అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రములో 1919లోనే ట్రాక్టరు పరీక్షలకు శాసనము చేసి, 1920 నుండి పరీక్షింప నారంభించిరి. పూర్తి బరువునకే గాక తక్కువ బరువులకును, తగ్గించిన చుట్లకును డీజెలు ఎంతయగునో ఆ పరీక్షలలో కొలుతురు. మన దేశమున మధ్యప్రదేశ్‌లోని బుధ్నీయందు కేంద్ర ప్రభుత్వ ట్రాక్టరు పరీక్షా సంస్థ గలదు. మన అనంతపురము జిల్లా గార్లదిన్నెలోను వ్యవసాయ యంత్రములకు కేంద్ర ప్రభుత్వ శిక్షణ పరీక్షా సంస్థ గలదు. కొనబోవు ట్రాక్టరు పరీక్షా నివేదికను అడిగి, తక్కువ బరువున డీజెలు ఎంతయగునో ఆ పుట చూడవలయును. చదువుట కష్టమైనచో సంఘ కార్యదర్శిని గాని, డిమాన్‌స్ట్రేటరును గాని అడుగుటకు సంకోచింపవలదు.

"పెద్దది కొని అద్దెకు త్రిప్పెదను" అని కొందఱు చెప్పుదురు. మంచిదే. కాని గ్రామములో ఇప్పటికే ఎన్ని ట్రాక్టర్లు అద్దెకు తిరుగుచున్నవో, తమకు ఎన్ని ఎకరముల పని నిశ్చయముగా దొరకునో ముందుగా వ్రాసి చూపవలయును. ఆశను ఆదాయముగా లెక్కించి చేసిన అప్పు పొలము మీదికి వచ్చును.

కావున సంఘ పాలకవర్గమునకు నా మనవి యిది. ట్రాక్టరు అప్పు దరఖాస్తుతో పాటు దుక్కి, దమ్ము, రవాణా ఎన్నెన్ని గంటలో తెలుపు కాగితమును తప్పక కోరవలయును. ఎక్కువ గంటలు ఏ పనికి పోవునో ఆ పనికి తగిన యంత్రమునకే అప్పు మంజూరు చేయవలయును. ఏడాదిలో కొద్ది దినములు మాత్రమే కావలసిన పెద్ద ట్రాక్టరును, పెద్ద రోటవేటరును సంఘమే కొని, వరుస ప్రకారము సభ్యులకు అద్దెకిచ్చుట మేలు. పదిమంది విడివిడిగా మోయలేని బరువును కలిసి మోయుటకే గదా సహకార సంఘము ఏర్పడినది. అప్పుడు చిన్న రైతు చిన్న యంత్రముతో తృప్తిపడగలడు. దమ్ము దినములలో ఎవరి వాకిట నిలువ నక్కఱలేదు.

సభ్యులకు చెప్పునది ఒక్కటియే. నేటినుండి ట్రాక్టరు పెట్టెలో ఒక చిన్న పుస్తకము నుంచుడు. పోసిన డీజెలు లీటర్లు, నడచిన గంటలు, చేసిన పని ఈ మూడును దినదినమును వ్రాయుడు. ఒక పంటకాలము గడచునప్పటికి మీ యంత్రము మీ పొలమునకు తగినదో కాదో ఆ పుస్తకమే చెప్పును. దానిని చూచిన తరువాత మఱియొక అప్పు మాట తలపెట్టుడు.