ఒకే పేరు, రెండు కార్డులు



పద్యాలూ ప్రతిపదార్థాలూ వదలి ఈ పంతులు గ్రాఫిక్స్ కార్డుల గొడవలోకి ఎందుకు దిగాడని మీలో కొందరికి అనిపించవచ్చును. పదవీ విరమణ తరువాత పద్యపఠన పాఠాలను చిత్రీకరించి, కూర్పు కూడా నేనే చేసుకొంటున్నాను. (ఎడిటింగును మన పాత సినిమాల పేర్లలో 'కూర్పు' అని వేసేవారు. ఆ మాటే నాకు ఇష్టం.) గ్రాఫిక్స్ కార్డుకు మాత్రం తెలుగు మాట జోలికి పోను. 'చిత్రఫలకం ఉందా నాయనా' అని అంగడిలో అడిగితే పటాలు కట్టే దుకాణానికి దారి చూపుతారు.

నా ఫిర్యాదంతా ఆ కార్డుల పేర్ల మీద. మన భాషలో నానార్థ పదాలకు కొదువ లేదు. అయినా 'హరి' అన్నప్పుడు విష్ణువా, సింహమా, కోతియా అన్నది వాక్యంలో పడగానే తేలిపోతుంది. కార్డు పెట్టె మీది పేరుకు అటువంటి సందర్భం ఉండదు. ఎన్‌విడియా వారి జీటీ 1030 అనే చిన్న కార్డు 2017లో వచ్చింది. మరుసటి ఏడు అదే పేరుతో ఇంకొకటి వచ్చింది. మొదటిదానిలో జీడీడీఆర్5 మెమరీ, రెండవదానిలో డీడీఆర్4. రెండింటా 2 జీబీయే. కాని మొదటిదాని మెమరీ సెకనుకు 48 గిగాబైట్లు అందిస్తే రెండవదానిది 17 దాటదు. ఆర్‌టీఎక్స్ 3060 కథా ఇటువంటిదే. 2021లో 12 జీబీతో, 192 బిట్ల మెమరీ దారితో వచ్చింది. 2022లో 8 జీబీతో, 128 బిట్ల దారితో మరొకటి వచ్చింది. జీబీలు తగ్గిన సంగతి కొనేవానికి కనబడుతుంది, దారి ఇరుకైన సంగతి ఎలా కనబడుతుంది?

అసలు ఆటకు కావలసినది వేరు, కూర్పుకు కావలసినది వేరు. ఆటలో కార్డు సెకనుకు అరవై బొమ్మలను అప్పటికప్పుడు గీయాలి. కూర్పులో బొమ్మలు ముందే ఉన్నవి. హెచ్.264, హెచ్.265 వంటి పద్ధతులలో మడతపెట్టి ఉంటాయి. వాటిని విప్పాలి, రంగులు దిద్దాలి, తిరిగి మడవాలి. ఈ విప్పడానికీ మడవడానికీ కార్డులో ప్రత్యేక భాగాలుంటాయి, ఆటలు గీసే భాగం వేరు. మడిచే భాగాన్ని ఎన్‌విడియా వారు ఎన్‌వెంక్ అంటారు. ఇంటెల్ వారి ప్రాసెసర్లలోని గ్రాఫిక్స్‌తో పాటు వచ్చే ఇటువంటి ఏర్పాటు పేరు క్విక్ సింక్.

నా దగ్గర పదవ తరగతి చదివినవాడొకడు ఇప్పుడు పెళ్ళి వీడియోలు తీస్తున్నాడు. చీటీ పాడుకొన్న పాతిక వేలతో కార్డు కొనబోతూ నాకు ఫోన్ చేశాడు. "మాస్టారూ, ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ ఇస్తామంటున్నారండి. తమ్ముడు ఆటలాడుకొంటాడు, నాకు ఎడిటింగూ అవుతుందట. డబ్బు కూడా మిగులుతుంది" అన్నాడు.

"నీ ప్రాసెసరు పేరు చివర ఏ అక్షరముంది నాయనా?"

"12400 పక్కన ఎఫ్ అని ఉందండి."

వ్యాకరణం చెప్పినవాడికి చూపు ప్రత్యయం మీద నిలవడం సహజం. ఇంటెల్ ప్రాసెసరు పేరు చివర ఆ ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ భాగం లేదని అర్థం, కనుక క్విక్ సింకూ లేదు. ఇక 2022 జనవరిలో వచ్చిన ఆ ఏఎమ్‌డీ కార్డుకు వీడియోను మడిచే భాగమే పెట్టలేదు. దొందూ దొందే. ఆటలు ఒక మాదిరిగా ఆడతాయి. మూడు గంటల పెళ్ళి వీడియోను తుదిరూపంలో దించేటప్పుడు మాత్రం ఆ మడిచే బరువంతా ప్రాసెసరు మీద పడుతుంది. మాఘమాసం ముహూర్తాలలో నాలుగు పెళ్ళిళ్ళు ఒప్పుకొన్నవాడు, పెళ్ళివారు ఫోను మీద ఫోను చేస్తుంటే, తెర మీది గీత ఎప్పటికి నిండుతుందా అని చూస్తూ కూర్చోవాలి. దుకాణం వారు అబద్ధమాడలేదు. ఎడిటింగ్ అవుతుందన్నారు, అవుతుంది. ఎంతసేపటికన్నది వాడు అడగలేదు, వారు చెప్పలేదు.

కూర్పుతో అన్నం తినేవాడు ఆటల పట్టికలు చూసి కార్డు కొనరాదని నా గట్టి అభిప్రాయం. 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 5060 ఆటలలో పాత 3060ను సులభంగా దాటిపోతుంది. మడిచే భాగమూ కొత్తది, ఏవీ1 పద్ధతిని కూడా మడుస్తుంది. అయినా దాని మెమరీ 8 జీబీ. 1080 తెర మీద ఆటలకు చాలావరకు అది చాలు. 4కే వీడియో మీద రంగులు, పొరలు, కదిలే అక్షరాలు వేసుకొంటూ పోతే నిండిపోతుంది. డావిన్సీ రిజాల్వ్ అయితే మెమరీ నిండినదని చెప్పి మొరాయిస్తుంది. కార్డు నెమ్మదిదైతే రాత్రికి కావలసిన పని తెల్లవారి అవుతుంది, మెమరీ చాలకపోతే తెల్లవారినా కాదు. అందుకే వానిని 12 జీబీ 3060 గాని, 2024 డిసెంబరులో వచ్చిన ఇంటెల్ ఆర్క్ బీ580 గాని చూడమన్నాను. రెండవదానిలోనూ 12 జీబీ ఉన్నది. అది ఏవీ1ను మడుస్తుంది కూడా. 3060 ఏవీ1ను విప్పగలదే గాని మడవలేదు. అయితే ఆర్క్ కార్డుకు మదర్‌బోర్డులో రీసైజబుల్ బార్ అనే సదుపాయం ఉండి తీరాలి. అది లేని పాత బోర్డులో పెడితే ఆటల వేగం బాగా పడిపోతుంది. 3060 తినే కరెంటు 170 వాట్లు, బీ580 తినేది 190. కంప్యూటరు డబ్బాతో పాటు ఉచితంగా వచ్చిన ఎస్‌ఎమ్‌పీఎస్ మీద వీటిని వేలాడదీయవద్దని కూడా చెప్పాను. వాడు 3060 వైపు మొగ్గాడు. తమ్ముడు కొంత అలిగాడట.

ఫోనుతో తీసినదాన్ని కత్తిరించి అతికించుకొనే నావంటివారికి అసలు కార్డే అనవసరం. ఎఫ్ లేని ఇంటెల్ ప్రాసెసరుతోనే నా పద్య పాఠాలన్నీ తయారవుతున్నవి. మిగిలిన డబ్బు ర్యాముకు పెట్టుకోవచ్చు. 2025 చివరలో మెమరీ చిప్పుల ధరలు భగ్గుమన్నందువల్ల అదీ ఆలోచించి చేయవలసిన పనైంది. ఈ టపాలో ధరలు వ్రాయకపోవడానికి కారణం అదే.

పాత కార్డుల సంగతి ఒకటి మిగిలింది. 2021లో ఈథీరియం తవ్వకానికి కార్డులు గుట్టలుగా కొన్నవారు, 2022 సెప్టెంబరులో ఆ నాణెం పద్ధతి మారి తవ్వకం ఆగిపోగానే అమ్మకానికి పెట్టారు. తవ్వకంలో పనిచేసిన కార్డు చెడ్డదేననే మాటను నేను ఒప్పుకోను. చిప్పు తరచు బాగానే ఉంటుంది. అరిగేవి ఫ్యాన్లు, ఎండిపోయేది చిప్పు మీది పేస్టు. అమ్మేవాని ఎదుటనే బరువైన ఆట ఒకటి అరగంట నడిపించి ఫ్యాన్ల చప్పుడు వినాలి. జీపీయూ-జెడ్ అని ఉచితంగా దొరికే చిన్న ప్రోగ్రాము ఒకటుంది. మెమరీ ఏ రకమో, దారి ఎన్ని బిట్లో అందులో కనబడుతుంది. పాత ఎన్‌విడియా చిప్పుకు కొత్త పేరు అంటించిన నకిలీలను గుర్తుపట్టి ఆ పేరు ముందు 'ఫేక్' అని కూడా చూపిస్తుంది. ఆ అరగంట ఆగడానికి అమ్మేవానికి తీరిక లేకపోతే డబ్బు జేబులో పెట్టుకొని లేచి రావడమే.