సిలబస్ మారింది.. టాపర్ మెక్‌లారెన్ నిలబడేనా?

పాత ప్రశ్నపత్రాలన్నీ తిరగేసి వరుసగా రెండేళ్లు క్లాస్ ఫస్ట్ వచ్చారనుకోండి. మూడో ఏడాది సిలబస్సే మార్చేస్తే? ఫార్ములా వన్‌లో మెక్‌లారెన్ ఇప్పుడు సరిగ్గా అలాగే ఉంది. మార్చి 8న మెల్‌బోర్న్ రేసుతో 2026 సీజన్ మొదలవుతోంది. కారు, ఇంజిన్ రూల్స్ రెండూ ఒకేసారి మారాయి.

గతేడాది మార్కులు చూస్తే వంక పెట్టలేం. 24 రేసుల్లో 14 విజయాలు. నోరిస్‌వి 7, పియాస్ట్రివి 7. ఇంకా ఆరు రేసులుండగానే సింగపూర్‌లో జట్ల టైటిల్ ఖాయమైపోయింది. మరి డ్రైవర్ల టైటిల్? నోరిస్ 423, వెర్‌స్టాపెన్ 421. అంటే రెండు పాయింట్లతో గట్టెక్కారు! లాస్ వేగాస్‌లో కారు అడుగు పలక పరిమితికి మించి అరిగిందని ఇద్దరి ఫలితాలూ రద్దయ్యాయి. ఖతార్‌లో సేఫ్టీ కారు రాగానే దాదాపు అందరూ పిట్‌లోకి వెళ్తే, మెక్‌లారెన్ మాత్రం తన కార్లను ట్రాక్‌ మీదే ఉంచి గెలిచే రేసు పోగొట్టుకుంది. కారు ముందుంటే ఇలాంటి తప్పులు కప్పడిపోతాయి. ఈసారి ఆ వెసులుబాటు ఉంటుందా అన్నదే నా అనుమానం.

ట్రిపుల్ ఈ, మెకానికల్ వాళ్లు ఇక్కడ కాస్త ఆగండి. ఎలక్ట్రిక్ మోటార్ శక్తి 120 కిలోవాట్ల నుంచి 350కి పెరిగింది. కారు శక్తిలో దాదాపు సగం ఇక కరెంటుదే. బ్యాటరీ మాత్రం ల్యాప్ మొత్తానికి సరిపోదు. ఎక్కడ నింపాలి, ఎక్కడ ఖర్చుపెట్టాలి అన్నదే అసలు ఆట. టైర్లు వేడెక్కకుండా చూసుకోవడంలో మెక్‌లారెన్ సంపాదించిన పట్టు ఈ లెక్కకు పెద్దగా పనికిరాదు.

చరిత్ర కూడా భయపెట్టేదే. 2013లో చివరి తొమ్మిది రేసులూ వెటెల్‌తో గెలిపించుకున్న రెడ్‌బుల్, రూల్స్ మారిన 2014లో 19 రేసులకు మూడే గెలిచింది. వరుసగా 8 జట్ల టైటిళ్లు కొట్టిన మెర్సిడెస్‌కు 2022లో దక్కింది ఒక్క విజయం.

పైగా మెక్‌లారెన్ సొంత ఇంజిన్ చేసుకోదు, మెర్సిడెస్ దగ్గర కొంటుంది. అదే ఇంజిన్ మెర్సిడెస్, విలియమ్స్, ఆల్పీన్‌లకూ ఉంది. మెర్సిడెస్ అయితే ఇంజిన్‌నూ కారునూ ఒకే ఇంట్లో పక్కపక్కన పెట్టి డిజైన్ చేసుకోగలదు. ఇంకో చిక్కు: విండ్ టన్నెల్ పరీక్షలకు విజేతకు దక్కేది నిర్ణీత కోటాలో 70 శాతమే. పదో స్థానంలో నిలిచిన ఆల్పీన్‌కు 115 శాతం. ఫస్ట్ వచ్చినవాడికి లైబ్రరీ టైమ్ కోసేసినట్టు!

అలాగని కొట్టిపారేయకండి. 2023 తొలి రేసులో ఇదే జట్టులో నోరిస్ 17వ స్థానం, పియాస్ట్రి కారు మధ్యలోనే ఆగింది. జూలై మొదట్లో ఆస్ట్రియాలో కొత్త భాగాలు బిగించారు. ఆ తర్వాతి రేసు సిల్వర్‌స్టోన్‌లో నోరిస్ రెండు, పియాస్ట్రి నాలుగు! మరుసటి ఏడాది, 1998 తర్వాత మొదటిసారి, జట్ల టైటిల్. ఆండ్రియా స్టెల్లా బృందానికి తప్పు ఎక్కడుందో పట్టుకుని సరిదిద్దడం తెలుసు. రూల్స్ మారినా ఆ విద్య ఎక్కడికీ పోదు.

అందుకే మెల్‌బోర్న్‌లో మెక్‌లారెన్ గెలుస్తుందని నేను పందెం కాయను, సీజన్ రెండో సగంలో అయితే కాస్తాను. తొలి రేసులో పోడియం మీద ఎవరున్నారన్నది అంత ముఖ్యం కాదు. మెర్సిడెస్ ఇంజిన్ వాడే నాలుగు జట్లలో మెక్‌లారెన్ ఎన్నో స్థానంలో ఉందో చూడండి.