పాత సైనికపు లారీ: ఇంటి యాడువారు తెలిసికొనవలసిన సంగతులు



ఈ మాసమున మాకు వచ్చిన జాబులలో నొకటి మిక్కిలి యాలోచింపదగినదిగా నున్నది. నెల్లూరు మండలపు సముద్రతీర గ్రామమునుండి యొక సోదరి వ్రాయుచున్నారు. వారి మామగారి తండ్రి కొన్న సైనికపు లారీ యొకటి సరుగుడు తోటలో చాలకాలముగా నిలిచియున్నది. పాత యినుము కొను వర్తకుడు బేరమునకు వచ్చియున్నాడు. కుమారు లిద్దఱును దానిని బాగుచేసి నడిపింతు మనుచున్నారు. అందులకు కావలసిన పైకము కూతురి కళాశాల చదువునకై దాచిన దానినుండి తీయవలెనట. ఏమి చేయుట మంచిదని యామె ప్రశ్న. లారీల మాట మగవారికి విడుచుట మన యిండ్లలో వాడుక. ఖర్చును, ప్రమాదమును ఇంటివే యైనపుడు ఆ వాడుకను పాటింప పనిలేదు.

ముందుగా ఆ బండి యెట్టిదో చూతము. ముక్కు మొండిగా నున్నదనియు, ముందుటద్దపు పై యంచు ముందునకు వాలియున్నదనియు ఆమె తెలిపినారు. దీనినిబట్టి యది రెండవ ప్రపంచయుద్ధ కాలమున కెనడా దేశమున ఫోర్డు, షెవర్లే కంపెనీలు నిర్మించిన సైనికపు లారీ యని తోచుచున్నది. అట్టివి 4 లక్షలకు మించి తయారైనవి. ఓడలలో తక్కువ చోటు పట్టుటకై ముక్కును కుఱుచ చేసిరి. ఎండ తళుకు పైనుండు విమానములకు కనబడకుండుటకై యద్దమును వాల్చిరి. 1942 ఏప్రిలు 6వ తేదీన విశాఖపట్టణము, కాకినాడలపై జపానువారి బాంబులు పడినవి. ఆ రోజులలో మనవారికి పెట్రోలు కొఱతవలన బొగ్గు గ్యాసుతో నడచు బస్సులే గతి. 1945లో యుద్ధము ముగిసినపిదప మిగిలిన సైనిక సామగ్రిని ప్రభుత్వమువారి డిస్పోజల్సు శాఖ విక్రయింపగా, సైనికపు లారీలు పౌరుల చేతికి వచ్చినవి. స్వాతంత్ర్యానంతరము 1959 మొదలు 1996 వఱకు జబల్పూరులో జర్మనీవారి మాన్ కంపెనీ నమూనాపై తయారైన శక్తిమాన్ లారీలు వేఱు. బండిపై నుండు లోహపు రేకును, ఛాసిస్ సంఖ్యను చదివినగాని యేది యేదో నిశ్చయింపరాదు.

కర్ణుని రథచక్రము నేలలో దిగబడిన కథ మన మందఱ మెఱుగుదుము. సామాన్యమైన లారీలో వెనుక చక్రములే బండిని త్రోయును. ఈ జాతి లారీలలో పెక్కింటికి ముందు చక్రములకును ఇంజను బలము చేరును. కనుకనే బురదలోను, ఇసుకలోను దిగబడిన యొక యిరుసును రెండవది లాగికొని రాగలదు.

ఇక సముద్రతీరపు శత్రువు ఉప్పుగాలి. పైరంగు చక్కగానున్నను లోపల ఛాసిస్ తొలుచుకొని పోయియుండవచ్చును. కుండను కొనునపుడు వ్రేలితో తట్టి చూచుట మన కలవాటే గదా! అట్లే చిన్న సుత్తితో ఛాసిస్ పొడుగునను తట్టవలెను. ఖంగుమన్నచోట గట్టి యినుము, బొద్దుమన్నచోట త్రుప్పు. రాలిన సరుగుడాకు తడిని పట్టియుంచును గనుక చెట్లక్రింద నుంచరాదు. పాకలో, నేలతడి తగులకుండ మెట్టచేసిన చోట నిలిపి, మంచినీట కడిగి, బాగుగ నారినపిదప అడుగుభాగమునకు నూనె పూయవలెను.

బ్రేకులు మఱింత ముఖ్యము. నేటి బండ్లలో బ్రేకు గొట్టములు రెండు వరుసలుగా నుండును. ఒకటి చెడినను రెండవది కాపాడును. ఈ పాత లారీలలో నొకటే వరుస. ఒక చోట కారినచో నాలుగు చక్రములకును బ్రేకు పోవును. బ్రేకునూనె గాలిలోని తేమను పీల్చుకొని లోపల త్రుప్పు పట్టించును. కావున ఇంజను మ్రోగుటకు ముందే బ్రేకులు క్రొత్తవి కావలెను. నేడు బంకులలో దొరకు పెట్రోలులో నూటికి 20 పాళ్ల వఱకు ఎథనాలు కలియుచున్నది. అది పాతకాలపు రబ్బరు గొట్టములను చెఱచును. వేడి యింజనుపై పెట్రోలు కారినచో మంటలు లేచును. గొట్టము లన్నియు మార్చినగాని తాళపుచెవి కుమారుల చేతికీయరాదు.

అన్నిటికంటె భయంకరమైనది చక్రము. వీనిలో పెక్కింటి చక్రములు రెండు పళ్ళెములను ఎదురెదురుగ చేర్చి నట్లతో బిగించినట్లుండును. ఇరుసు దగ్గఱి నట్లు చక్రమును బండికి బిగించునవి. అంచు దగ్గఱి నట్లు ఆ రెండు పళ్ళెములను కలిపి యుంచునవి. టైరులో గాలి యుండగా నీ రెండవ వరుసను విప్పినచో, పళ్ళెము ఫిరంగిగుండువలె నెగసి యెదుటి మనుష్యుని ప్రాణము తీయును. ఆంగ్ల సైన్యమున నీ నట్లకు ఎఱ్ఱరంగు పూసి హెచ్చరించువారు. ఎనుబదియేండ్ల బండిపై నారంగు మిగిలియుండదు. కనుక ఆ సోదరి నేడే యెఱ్ఱరంగు తెప్పించి, ఏ నట్లు ఏవో గుర్తింపగల ముదుసలి మేస్త్రీని పిలిపించి, యెదుట నిలిచి పూయింపవలెను. వాల్వు తీసి, గాలి పూర్తిగ పోయినదని చూచుకొన్న పిదపగాని వానిని ముట్టరాదని కుమారులచేత ఒట్టు వేయించుకొనవలెను.

కాగితముల సంగతియు కలదు. 2021లో కేంద్ర ప్రభుత్వము చేసిన నియమముల ప్రకారము, 50 సంవత్సరములు దాటి, అసలు రూపమున నిలిచిన స్వంతవాడుక వాహనములను వింటేజి వాహనములుగా నమోదు చేయుదురు. రుసుము 20,000 రూపాయలు. గడువు 10 సంవత్సరములు. ప్రదర్శనలకు, మరమ్మతులకు, పెట్రోలు పోయించుటకు నడుపవచ్చును గాని వ్యాపారమునకు వాడరాదు. రొయ్యల గుంటలకు మేత తోలి ఖర్చు రాబట్టుదుమను కుమారుల లెక్క యిందు పొసగదు. సరకు లారీ యీ నియమము క్రిందికి వచ్చునో రాదో రవాణా కార్యాలయమున ముందే వ్రాతమూలకముగ నడిగి తెలిసికొనవలెను.

మా యభిప్రాయ మిది. వర్తకునికి తొందరపడి యమ్మవలదు. అమ్మినది మరల రాదు. కూతురి పైకమును ముట్టవలదు. ఎనుబదియేండ్లు నిలిచిన లారీ మఱి మూడేండ్లు నిలువగలదు. కళాశాలలో చేరు వయస్సు నిలువదు. ఇప్పటికి పాకయు, కడుగుటయు, నూనెయు, ఎఱ్ఱరంగును చాలును. రేకునకు, ఛాసిస్ సంఖ్యకు ఛాయాచిత్రములు తీయించి పాత కాగితములతో పెట్టెలో భద్రపఱపవలెను. తక్కిన ఖర్చు కుమారులు తమ సంపాదననుండి నెలనెల కూర్చుకొని, ముందు బ్రేకులు, పిదప గొట్టములు, టైరులు, చివరకు ఇంజను అను వరుసలో చేయింతురుగాక. ఆ లెక్కల పుస్తకము మాత్రము తల్లి చేతిలో నుండవలెను.